కాముడికిచ్చిన గడప

మార్చి 10, సోమవారం

తిరుపతి వచ్చాడు. మొలతాడుకు తాళంచెవి. అంగీ పైకెత్తి మరీ చూపించాడు. తాళంచెవికి చిన్న గజ్జె కూడా కట్టాడు.

"తాతా, షెడ్డు తాళం. మల్లేశం సేటు నాకే ఇచ్చిండు. రేపటి సంది పొద్దుగాల సాంచలు నేనే నడిపిస్త."

మంచిది అన్నాను. వాడు ఇంకా నిలబడే ఉన్నాడు. ఇంకో మాట కోసం అనుకుంటా. నాకు రాలేదు.

వాడు పోయాక మా ఆవిడ రాజవ్వ — "దొంగ కనకయ్య కొడుకుకు తాళమా? పిల్లిని పాలకు కావలి పెట్టినట్టే."

కనకయ్య ఇదే సాంచల షెడ్డులో, మరమగ్గాల నూలు కండెలు ధోవతిలో చుట్టుకుని పోతూ దొరికాడు. భీవండి పోయాడు. మళ్ళీ రాలేదు. అప్పటికి తిరుపతి తల్లి చంకలో ఉన్నాడు. ఇప్పటికీ వాడలో ఏది పోయినా ముందు ఆ ఇంటి దిక్కే చూస్తారు.

వాడూ తక్కువవాడేం కాదు. మల్లేశం బిడ్డ పెళ్ళిలో, బంతి లేచేసరికి అందరి చెప్పులూ మారిపోయి ఉన్నాయి. ఎవరికీ ఏదీ పోలేదు. ఒక కాలిది సొంతం, ఒక కాలిది పక్కవాడిది. మగపెళ్ళివారి పెద్దమనిషి ఒక కాలికి బూటు, ఒక కాలికి ఆడవాళ్ళ చెప్పు వేసుకుని జోడు వెతుకుతుంటే పెళ్ళికూతురు కూడా నవ్వింది. తిరుపతి అరుగు మీద కూర్చుని, అచ్చం మా రాజవ్వ గొంతుతో నన్ను — "ఏమయ్యా, చెప్పులన్న సక్కగ చూసుకోరాదా?"

ఏడాదిగా అవన్నీ మానేశాడు. ఈ తాళం కోసమే అయి ఉంటుంది.

మార్చి 11, మంగళవారం

పిల్లలు కోలలు పట్టుకుని, కాముడి పండుగ పాటలు పాడుతూ జాజిరి ఆడుతూ వచ్చారు. రాజవ్వ మక్కలు పోసింది.

ఎడమ కంట్లో పొర. కుడిది కూడా సాయంత్రమైతే మసకే. ఆపరేషన్ అంటుంది రాజవ్వ. ఎండాకాలం పోనీ అన్నాను.

మార్చి 13, గురువారం

ఇవాళ కాముడు. రాత్రికి వాడలో మంట, తెల్లారితే హోలీ.

కాముడికి కట్టె అడిగి తీసుకోకూడదు. ఎత్తుకుపోవాలి. ఇంటివాళ్ళు చూడనట్టే ఉండాలి. తెల్లారి పోయి నా కట్టె ఏదని అడగకూడదు. తిట్టకూడదు.

ఒక ఏడాది మా ఇంట్లో ఏమీ ఎత్తుకుపోలేదు. ఊళ్ళో మేము లేనట్టే అనిపించింది. అప్పటి నుంచి ఏదో ఒక కట్టె గోడ బయట, చేతికందేటట్టు నేనే పెడతాను. ఎవరికీ చెప్పను. తిరుపతికి తెలుసు. వాడే వచ్చి ఎత్తుకుపోతాడు, దొంగ నడక నడుచుకుంటూ.

ఈసారి పెట్టింది పక్కింటి మల్లేశం వాళ్ళ పాత గడప. పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చింది. చెదలు తిన్నది. "కాకా, నీ పొయ్యిల పెట్టుకో" అన్నాడు. పొయ్యిలో ఎట్లా పెట్టను? వాళ్ళ నానమ్మ కాలం నుంచి పసుపు రాసి, బొట్లు పెట్టి మొక్కిన గడప. కాలు తగిలితే కళ్ళకద్దుకున్న కట్టె. దాని మీద అన్నం వండుకోబుద్ధి కాలేదు. కాముడి మంటలో పోతే మర్యాద.

కొత్తింటికి వడ్ల సత్తయ్య టేకు గడప చెక్కి పెట్టాడు. అదీ ఇక్కడే ఉంది. మా గోడకు నీడ ఎక్కువని, ఎండకు పగలకుండా గోనెసంచులు చుట్టి, పాతదాని పక్కనే నిలబెట్టారు. చెదలమట్టి రాలుతోందని పాతదానికీ అంతకుముందే నేనే సంచి చుట్టాను.

పొద్దు గూకుతుండగా పాతది బయటికి ఈడ్చాను. చెదలు తిన్నదానికి కూడా ఇంత బరువా. నడుం పట్టింది.

మార్చి 14, శుక్రవారం

కాముడి నిప్పుల మీద నీళ్ళు కాచుకుని స్నానం. రాజవ్వ బూడిద తెచ్చి నొసట రాసింది.

తిరుపతి వచ్చాడు. పళ్ళు తప్ప మనిషంతా రంగే. నా చెంపలకు మెల్లగా రాశాడు. నాకెప్పుడూ గట్టిగా రాయడు.

"ఏం కట్టె పెట్టినవ్ తాతా ఈసారి? భుజం పోయింది. సంచి ఇప్పకుంటనే ఏసినం. తెల్లారేదాంక కాలింది."

నవ్వాను. మంచిగా కాలిందంటే సంతోషమైంది.

అదే రోజు, సాయంత్రం

రాయాలని లేదు. అయినా...

మధ్యాహ్నం సత్తయ్య వచ్చాడు, దర్వాజ బిగించే ముందు కొలత చూసుకుందామని. మా గోడ దగ్గర మిగిలిన సంచి విప్పాడు. లోపల పాత గడప. చెదలమట్టి జలజలా రాలింది.

నేను బయట పెట్టింది కొత్తది.

మల్లేశం పెండ్లాం పెట్టిన కేకకు వాడంతా వచ్చింది. ఇల్లు లేవకముందే గడప కాలింది. ఇంతకంటే కీడు ఉందా అని ఒకరు. దుబాయిలో ఉన్న కొడుక్కి ఏమైనా అవుతుందేమోనని ఇంకొకరు. ఆమె కూర్చుని ఏడుస్తోంది. వెనక నుంచి ఎవరో అన్నారు — "ఇంకెవలు? చెప్పులు మార్చినోడు కడప మార్చడా?"

తిరుపతిని రంగు మొహంతోనే పిలుచుకొచ్చారు.

"నిజం చెప్పురా. నువ్వేనా?" మల్లేశం.

వాడు ఆ పాత గడప చూశాడు. అప్పుడే అర్థమైనట్టుంది వాడికి. నా దిక్కు చూశాడు. చూస్తూ ఆగాడు.

గోడ పట్టుకుని నిలబడ్డాను. వాడు తప్ప నన్నెవరూ చూడటం లేదు.

"నేనే ఎత్కపోయిన" అన్నాడు. "కాముని కట్టె. అడుగద్దు."

"అడుగద్దా? పాతదాన్ని సంచిల పెట్టి కొత్తది మారుస్తివి గదరా! మీ అయ్య నూలు ఎత్కపోయిండు. నువ్వు ఇంటి లచ్చిమినే ఎత్కపోతివి!"

మల్లేశం చెయ్యి చాచాడు. తాళం.

మొలతాడు ముడి ఊడలేదు. వేళ్ళకు తడి, రంగు. తల వంచి పళ్ళతో కొరికి తెంపాడు. గజ్జె గలగలమంది. అందరూ వింటున్నారు.

నేనూ విన్నాను.

మార్చి 15, శనివారం

అన్నం ముందు కూర్చుని లేచాను.

"ఎవలదో కడప కాలితే నీకెందుకయ్యా గింత?" రాజవ్వ.

చెప్పలేదు.

మార్చి 16, ఆదివారం

పొద్దున రాజవ్వకు చెప్పాను. చేటలో బియ్యం ఏరుతోంది. చేతులు ఆగిపోయాయి.

"సంచి ఇప్పి చూడలేదా?"

"లేదు."

"మరి మొన్న గందరి ముందల నోట్ల నీళ్ళు పోసుకున్నవా?"

మళ్ళీ చేటలోకి వంగింది. తిడితే బాగుండేది.

మల్లేశం ఇంటికి పోయాను. నేనే పెట్టిన, కండ్లు కనబడక... అంతవరకే వచ్చింది. ఇంటి నుంచి చాలా మాటలు కూడబెట్టుకుని పోయాను. వాకిట్లోనే పడిపోయాయి.

మల్లేశం నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "కాకా, నువ్వు చీమను తొక్కవు. వాని కోసం నింద మీదేసుకుంటవా? వాడే తోలిండా నిన్ను?"

కాదన్నాను.

"వానికి గసుంటి నాటకాలు బాగొస్తయి. నీ అసుంటోణ్ణి ముందల పెట్టిండు, సూడు."

పాత గడప సంచిలోనే ఉంది కదా, చూడు, అన్నాను. అదే గద మార్చుడంటే, అన్నాడు.

వాళ్ళావిడ ఏడ్చిన కళ్ళతో చాయ్ ఇచ్చింది. తాగాను. ఎందుకు తాగానో.

ఇన్నేళ్ళు నోరు మెదపక బతికితే మంచివాడన్నారు. నోరు లేకపోవడమూ మంచితనమూ ఒకటే అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఇప్పుడు ఆ మంచి పేరే వాడి మెడకు ఉరి అయింది. నాకు ఒక్క చెడ్డ మాటైనా అంటి ఉంటే ఇవాళ నమ్మేవాళ్ళు.

మార్చి 18, మంగళవారం

నల్లా దగ్గర తిరుపతి తల్లి పోశవ్వ.

"మామా, వాడు నాకు సుత ఏం చెప్తలేడు. తింటలేడు. ఏమైంది మామా అసలు?"

చెప్పాను. ఆమె బిందె నల్లా కింద పెట్టింది. నమ్మింది. ఇంట్లో రాజవ్వ కాక నమ్మింది ఈమె ఒక్కతే.

"మరి గా దినం ఎందుకు చెప్పకపోతివి?"

బిందె నిండి పొర్లిపోతోంది. ఇద్దరమూ నల్లా కట్టెయ్యలేదు.

మార్చి 20, గురువారం

తిరుపతి వచ్చాడు, భుజాన సంచితో. ఆదిలాబాద్ పోతున్నాడట, పత్తి మిల్లులో పనికి.

"ఆడ నన్నెవ్వలు ఎరుగరు తాతా. మా అయ్యనూ ఎరుగరు."

మల్లేశానికి చెప్పిన, అన్నాను.

"తెల్సు. నేనే నిన్ను తోలిన అని నన్నే తిట్టిండు." నవ్వబోయాడు. "ఇంకోపాలి చెప్పకు."

"నువ్వెందుకు ఒప్పుకున్నవురా?"

"నువ్వు పెట్టినవ్ అంటే ఇంటరా? దొంగతనం చేసి ముసలాయన మీద పెట్టిండు అంటరు. ఒక్క దొంగతనం రెండు అయితయి."

కాళ్ళకు మొక్కాడు. రాజవ్వ మూట కట్టిన సకినాలు తీసుకున్నాడు. పోయాడు.

వాడు వంగినప్పుడు నాకు ఆశ కలిగింది. పోయాక చూసుకున్నాను. రెండు చెప్పులూ నావే.

మార్చి 30, ఆదివారం, ఉగాది

గుడి దగ్గర పంచాంగం చదవడం అయ్యాక లేచి నిలబడ్డాను.

"అరే, లింగయ్య తాత మాట్లాడుతడట!" అంతా సద్దుమణిగింది. అంత నిశ్శబ్దం ఇస్తే నేనేం చేసుకోను.

"కడప... నేను. తిరుపతి కాదు."

ఎవరో నా భుజం పట్టి కూర్చోబెట్టారు. "ముసలాయన పానం మెత్తన. పిలగాడు పోయిండని గుబులు పెట్టుకున్నడు." ఇంకో గ్లాసు పచ్చడి పోశారు.

వేపపువ్వు ఎక్కువైందని అందరూ అంటున్నారు. నాకు తెలియలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

షెడ్డు పొద్దెక్కాక తెరుస్తున్నారు. మల్లేశమే వచ్చి తీయాలి. తాళం ఇంకెవరికీ ఇవ్వలేదట.

సత్తయ్య ఇంకో గడప చెక్కుతున్నాడు. ఈసారి మా గోడ దగ్గర పెట్టలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

రాజవ్వ సర్వపిండి కాలుస్తోంది. రేపు ఆదిలాబాద్ పోతున్నాను. నేను పోతానని అనలేదు. ఆమె పొమ్మని అనలేదు. పిండి కలిపింది.

ఏప్రిల్ 11, శుక్రవారం

నిన్న పోయి ఇవాళ వచ్చాను. ఒళ్ళంతా బస్సే.

మిల్లు గేటు దగ్గర కావలాయన — "ఏ బాబా, కోణ్ పాహిజె?" ఎవరు కావాలని. తిరుపతి అన్నాను. ఆయన మొహం విప్పారింది. "తిరుపతా? చాంగ్లా పోరగా. మంచోడు. నవ్వడు, మాట్లాడడు. పని, తిండి, పడక. గసుంటి పోరగాళ్ళు దొరకరు బాబా."

ఎవరి గురించి చెబుతున్నాడో అనిపించింది.

వాడు వచ్చాడు. జుట్టు మీద, కనురెప్పల మీద దూది. ముసలివాడిలా ఉన్నాడు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి, దగ్గరికి వచ్చాక ఆగిపోయాడు.

రేకుల గదిలో కూర్చున్నాం. సర్వపిండి సగం తిన్నాడు.

"ఎట్లున్నది ఇక్కడ?"

"మంచిగనే ఉన్నది. ఏదన్న పోతే నా దిక్కు ఎవ్వలు చూడరు." నమిలి మింగాడు. "పోకున్నా చూడరు."

రాజవ్వ లెక్క ఒక్కసారి అనరా అన్నాను. ఏమయ్యా అని.

"ఇప్పుడు రాదు తాతా. గొంతుల దూది పడ్డది."

పొద్దున దాకా చెప్పలేకపోయాను. బస్టాండుకు నడుస్తూ చెప్పాను, వాడి మొహం చూడకుండా. గా దినం మాట రాలే బిడ్డా. రాలే.

వాడు సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"తెల్సు తాతా. నేను జరసేపు ఆగిన గద."

అంతే అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే మోసుకోగలిగేవాడిని.

బస్సులో సీటు పట్టి కూర్చోబెట్టాడు. చెప్పులు విడిచి కాళ్ళు పైకి పెట్టుకున్నాను. వాడు వంగి నా సంచి సీటు కిందికి తోశాడు. చాలాసేపు సర్దాడు. "పైలం" అన్నాడు. దిగి పోతుంటే కొద్దిగా కుంటుతున్నట్టు కనబడింది. నా కళ్ళు కదా అనుకున్నాను.

ఇచ్చోడలో చాయ్ కోసం బస్సు ఆపారు. కాళ్ళు దించాను. ఎడమ కాలికి నా తోలు చెప్పు. కుడి కాలికి మెత్తగా ఏదో. వంగి తడిమాను. రబ్బరు చెప్పు. వాడిది.

పక్క సీటు ఆడమనిషి — "అయ్యో తాతా, జోడు తప్పేసుకున్నవ్!"

నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆమె కూడా నవ్వింది. తర్వాత ఆమె నవ్వు ఆపి, ఏమైంది తాతా, నీళ్ళు తాగుతవా అని అడిగింది. తువ్వాలతో మొహం తుడుచుకున్నాను. చాయ్ తాగడానికి దిగనేలేదు.

ఇంటికొచ్చాక రాజవ్వ దీపం ముట్టించి వచ్చి, నా కాళ్ళు చూసింది. ఆ రబ్బరు చెప్పు తీసి కడిగింది. కొంగుతో తుడిచి వాకిట్లో పెట్టింది.

ఏప్రిల్ 12, శనివారం

పొద్దు గూకే వేళ. మల్లేశం గోడ అవతలి నుంచి — "కాకా, ఒక్క చెప్పే ఉన్నది. ఎవలది?"

"తిరుపతిది."

"మార్చిండా?"

"మార్చిండు."

ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఊరుకోవడం నాకు బాగా వచ్చు. కానీ కాలు ఆ రబ్బరు చెప్పుకు తగిలింది.

"మల్లేశం, వాడు మారిస్తే గిట్లుంటది. నాదొకటి వానికాడ, వానిదొకటి నాకాడ. ఇద్దరికీ తెలుస్తది. ఇద్దరూ నవ్వాలె. నీ బిడ్డ పెండ్లిల కూడ గంతే గద. ఒక్కరిని ఏడిపించే ఆట వాడెప్పుడన్న ఆడిండా?"

ఇంత మాట నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. ఆయాసం వచ్చింది.

మల్లేశం గోడకు ఇంకా దగ్గరికి వచ్చాడు. తర్వాత మెల్లగా — "కాకా, గిటు చూడు. నా చేతిల ఏమున్నది?"

చెయ్యి ఎత్తినట్టున్నాడు. చూశాను. గోడ, దాని పైన ఏదో నల్లగా మనిషంత. చెయ్యి ఎక్కడుందో కూడా తెలియలేదు.

"కనబడ్తలేదు" అన్నాను.

మల్లేశం లోపలికి పోతున్న అడుగులు వినబడ్డాయి. వాటితో పాటు గజ్జె. గలగలా.

ఏప్రిల్ 13, ఆదివారం

పొద్దున వాకిట్లో రబ్బరు చెప్పు లేదు.

రాజవ్వ తీయలేదట. మల్లేశం ఇంట్లో లేడు. మొదటి బస్సుకే పోయాడట. ఎటు పోయాడో వాళ్ళావిడకు చెప్పలేదు. ఆ బస్సు ఆదిలాబాద్ దిక్కు పోయేదే. షెడ్డు ఇంకా తెరవలేదు.

వాడలో కుక్కలు కూడా ఉన్నాయి. మొన్న వడ్ల సత్తయ్యది ఒకటి ఎత్తుకుపోయాయి.

రోడ్డు మీద దాకా పోయి వెతికాను. కంప దగ్గర, మోరీ పక్కన, కట్టెతో కదిలించి మరీ. దొరక్కూడదు, దొరక్కూడదు అనుకుంటూ వెతికాను.